ఫాల్, పికో డబ్బులు

2023 నాటికి నేను పోస్టాఫీసు పొదుపు ఏజెంటుగా పదిహేడేళ్లు పూర్తి చేశాను. మా అద్దె ఫ్లాటు దిల్‌సుఖ్‌నగర్‌లో. అక్కడి నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో లైనుకు రెండు పక్కలా ఉన్న కాలనీలన్నీ నేను తిరిగేవే. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. ఈ సందుల్లో నా పేరు ఎవరికీ తెలియదు, అందరికీ నేను పోస్టాఫీసు అక్కనే.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్‌డీ అంటే రికరింగ్ డిపాజిట్. నెలకింత అని అయిదేళ్లపాటు అరవై వాయిదాలు కడితే వడ్డీతో కలిపి చేతికొస్తుంది. నెలనెలా ఇంటింటికీ తిరిగి ఆ డబ్బు వసూలు చేసి, పది ఇరవై ఖాతాలు ఒక జాబితాలో చేర్చి పోస్టాఫీసులో కట్టడం మా పని. ఆ జాబితాను లాట్ అంటాం. నూటికి నాలుగు రూపాయలు మా కమిషను. పదిహేనో తారీఖు దాటితే కస్టమరుకు జరిమానా పడుతుంది. అందుకని అయిదో తారీఖు నుంచే మా చెప్పులు అరగడం మొదలవుతుంది.

పాస్‌బుక్కు నియమం ప్రకారం ఖాతాదారు దగ్గరే ఉండాలి. కానీ మా కస్టమర్లలో సగం మంది ఆడవాళ్లు దాన్ని ఇంట్లో పెట్టుకోరు. "మీ దగ్గరే ఉంచండి, మా వాళ్ల కంట పడిందంటే అంతే సంగతులు" అంటారు. డబ్బుందని తెలిస్తే మరిదికి బండి అనో, ఆడపడుచుకు గాజులు అనో ఏదో ఒక అవసరం పుట్టుకొస్తుందని వాళ్ల భయం. అలా మా బీరువాలో నా చీరల కింద ముప్పై నలభై పాస్‌బుక్కులు ఉండేవి. ఏ ఇల్లాలు ఎంత దాచిందో ఆమె భర్తకు తెలియదు, నాకు తెలుసు. ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు గానీ నోరు కట్టుకోవడం మాత్రం రావాలి.

ఇక నా సంగతి. "ముందు దాచండి, మిగిలింది ఖర్చు పెట్టండి" అని కొన్ని వందల ఇళ్లలో చెప్పి ఉంటాను. నాకు మాత్రం ఒక్క ఆర్‌డీ కూడా లేదు. కమిషను పడిన వారంలోపే దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్ల ముందు నా స్కూటీ దానంతట అదే ఆగేది. "ఊరందరి చేతా దాచిపెట్టిస్తావు, మనింట్లో నెలాఖరుకి పాలవాడికి బాకీ" అని మా ఆయన సణిగేవారు. "నాలుగిళ్లు తిరిగేదాన్ని, నాలుగు మంచి చీరలుండొద్దా?" అని నేను నోరు మూయించేదాన్ని.

ఆ చీరలకు ఫాల్ కుట్టి పికో చేసే అమ్మాయే సుగుణ. వాళ్లది నల్గొండ వైపు ఊరు. ఎల్బీ నగర్ వెనక సందులో ఒక గది, వంటిల్లు, ముందు చిన్న వరండా. ఆ వరండాలోనే ఆమె మెషీను. భర్త నర్సింహ హయత్‌నగర్ దాకా కిరాయి ఆటో నడుపుతాడు. అత్త సత్తెమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. 2018లో ఒకరోజు నా చీర మడతపెట్టి ఇస్తూ సుగుణ మెల్లగా అడిగింది.

"అక్కా, గా ఆర్‌డీ ఏదో చెప్తవు గద. నాకొకటి రాయి. నెలకి రెండు వేలు."

"రెండు వేలా? అయిదొందలతో మొదలుపెట్టు సుగుణా. మధ్యలో ఆపేస్తే నీకే నష్టం."

"ఆపను. బ్లౌజుల పైసలు ఇంట్ల ఇస్త. దినానికి ఎన్ని కుట్టిన్నో, ఎన్నొచ్చినయో మా అత్తకు, ఆయనకు ఎరుకనే ఉంటది. ఫాల్, పికో పైసలు ఎవ్వరు లెక్కవెట్టరు. చిల్లర పైసలే గదా అనుకుంటరు. అవ్వి నావి."

పాస్‌బుక్కు నా దగ్గరే ఉంచమంది. ఉంచాను.

నిజం చెప్పాలంటే ఏడాది తిరగకుండా మానేస్తుందనుకున్నాను. మానలేదు. అయిదో తారీఖున నేను వెళ్లేసరికి మెషీను సొరుగులో బాబిన్ల కింద రెండు వేలు మడతపెట్టి ఉండేవి. లాక్‌డౌన్‌లో రెండు నెలలు నేను ఎవరింటికీ వెళ్లలేదు. మూడో నెల వెళ్లి "ఇప్పుడేం ఇస్తావులే" అన్నాను. మూడు నెలలవీ కలిపి చేతిలో పెట్టింది. ఆ మూడు నెలల్లో నేను మా ఆయన దగ్గర చేబదులు తీసుకుని, అది కూడా ఖర్చు చేసేశాను.

అప్పుడే మొదలైంది నాలో ఆ కుళ్లు. మొదట్లో అది కుళ్లు అని నాకే తెలియలేదు, వేరే వేషాల్లో వచ్చేది. "పాపం, మంచి చీర కట్టుకున్న పాపాన పోదు" అని జాలిపడేదాన్ని. "డబ్బు డబ్బు అని చచ్చిపోతుంది" అని మా ఆయన దగ్గర వెక్కిరించేదాన్ని. ఆయనేమో "ఆ అమ్మాయిని చూసి నేర్చుకో" అనేవారు. ఆ మాట విన్నప్పుడు మాత్రం మండిపోయేదాన్ని. నేను డిగ్రీ చదివాను. ఆమె ఏడో తరగతితో ఆపేసింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను ఆమెకు పొదుపు నేర్పిన మనిషిని. అలాంటిది ఆమెను చూసి నేను నేర్చుకోవడమేమిటి?

2023 ఆషాఢంలో సుగుణ నన్ను అల్మాస్‌గూడ తీసుకెళ్లింది, నా స్కూటీ మీదే. అక్కడ కొత్తగా కట్టిన ఇంటి కింద ఒక షట్టరు గది చూసిపెట్టుకుంది. అడ్వాన్సు లక్ష. అప్పటికే అయిదు వేలు టోకెన్ ఇచ్చేసింది. సెప్టెంబరులో ఆర్‌డీ పూర్తవుతుంది, లక్షా నలభై వేల పైచిలుకు చేతికొస్తుంది. లక్ష అడ్వాన్సుకు, మిగిలింది అంచులు కుట్టే సెకండ్ హ్యాండ్ ఇంటర్‌లాక్ మెషీనుకు. అన్నీ లెక్కేసి పెట్టుకుంది.

"గీడ మెషిను, గీడ పెద్దద్దం అక్కా. ఆ గోడకు చీరలు తగిలేసే స్టాండు. వరండల కూసుంటె వానకు ఎవ్వరు రారు. ఇది నాదే దుకాణం. దుకాణం తీసే దినం మా ఆయనకు చెప్త, అప్పటిదాంక చెప్ప."

ఆ ఖాళీ గదిలో నిలబడి ఆమె చేతులు ఊపుతూ చెబుతోంది. బాగుందని అనాలి. అనలేకపోయాను.

"మరీ లోపలికి ఉంది కదా సుగుణా. ఇంత దూరం ఎవరొస్తారు?"

"కొత్త ఇండ్లు పడుతున్నయ్ గదక్కా. కొత్తిండ్లల్లకు కొత్త చీరలు రావా?"

ఇంటికొచ్చి బీరువా తలుపులు తెరిచి చీరలన్నీ మంచం మీద వేశాను. ఆ అయిదేళ్లలో కొన్నవి నూట పదహారు. ఒక్కొక్కదానికి ఫాల్, పికో ఎనభై రూపాయలు వేసుకున్నా, సుగుణ కట్టిన వాయిదాల్లో నాలుగున్నర నా చీరలే కట్టాయి. నేను తగలేసింది నా కళ్ల ముందే ఆమె దాచుకుంది. పైగా నెలనెలా వెళ్లి ఆ డబ్బు తీసుకుని లాట్‌లో రాసింది నేనే. చీరల ఖరీదు ఎంతయిందో మాత్రం లెక్క వేయలేదు. ధైర్యం చాలలేదు.

ఆగస్టులో మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజుకు నా రెండు గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. బోసి చేతులతో ఇంట్లో కూర్చుని ఉన్నాను. అప్పుడే సత్తెమ్మ వచ్చింది. శ్రావణ శుక్రవారానికి ఫాల్ కుట్టమని నేనిచ్చిన నాలుగు చీరలు కోడలు ఆమెతో పంపింది. కాఫీ ఇచ్చాను. గ్లాసు ఊదుకుని తాగుతూ ఆమె తన గోడు మొదలుపెట్టింది.

"దినమంత గా మెషిను మీదనే కూసుంటది బిడ్డా. ఏం లాభం? చేతుల పైసా నిలువది. దారాలకు, బాబిన్లకే పోతయంటది."

నేను ఊరుకుని ఉండాల్సింది. పదిహేడేళ్లుగా ఇలాంటి మాటలు ఎన్ని అత్తల నోట వినలేదు, ఎన్నిసార్లు "అవునండీ, ధరలు అలా ఉన్నాయి" అని తప్పించుకోలేదు! ఆ రోజు తప్పించుకోలేదు.

"అయ్యో, అలా అంటారేంటి పెద్దమ్మా! మీ కోడల్లాంటి పిల్ల ఈ చుట్టుపక్కల లేదు. అయిదేళ్లలో ఒక్క నెల తప్పలేదు. వచ్చే నెల లక్షా నలభై వేలు చేతికొస్తుంటే పైసా నిలవదంటారేంటి!"

మెచ్చుకున్నట్టే అన్నాను. నవ్వుతూ కూడా అన్నాను. సత్తెమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎంతన్నవ్ బిడ్డా?"

మళ్లీ చెప్పాను. మొదటిసారి నోరు జారిందని ఎవరికైనా చెప్పుకోవచ్చు. రెండోసారి జారలేదు. తెలిసే చెప్పాను, స్పష్టంగా చెప్పాను, అంకె కూడా సరిచేసి చెప్పాను. ఆమె వెళ్లాక కాసేపు మనసుకు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సెప్టెంబరులో సుగుణ మా ఇంటికి వచ్చింది. క్లోజర్ ఫారం మీద సంతకం పెట్టాలి, పాస్‌బుక్కు తీసుకోవాలి. ముఖం పీక్కుపోయి ఉంది. షట్టరు ఎప్పుడు తెరుస్తున్నావని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"షట్టర్ లేదక్కా. ఆటో కొంటున్నం. ఇంట్ల తెలిసింది."

"ఎలా?"

ఆ ప్రశ్న అడుగుతూ మొహం ఎంత అమాయకంగా పెట్టానో నాకు తెలుసు. సుగుణ ఫారం వంక చూస్తూనే మాట్లాడింది.

"ఎట్లనో తెలిసింది. ఆయన కొట్లాడితె నేను గూడ కొట్లాడుదును అక్కా, ఇయ్యకపోదును. ఆయన ఏడ్చిండు. అయిదేండ్ల సంది కిరాయి ఆటో తోలి నడుములు పోయినయ్, ఇంట్ల పైసలు వెట్టుకొని నాకు చెప్పలేదు, నేనేమన్న దొంగనా అని ఏడ్చిండు. గా మాటకు ఇస్తనని నేనే అన్న. నేను చెప్దామనుకున్న దినం నేనే చెప్పి ఉంటె గిట్ల కాకపోవు."

టోకెన్ అయిదు వేలు ఓనరు తిరిగివ్వలేదు. షట్టరు మొబైల్ రిపేరు పెట్టుకునే అతనికి ఇచ్చేశాడు. సుగుణ ఇవన్నీ చెప్పి, సంతకం పెట్టి, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్లింది. ఆమె గేటు దాటేదాకా చెబుదామా వద్దా అనుకుంటూనే నిలబడ్డాను. చెప్పలేదు. నర్సింహ మంచివాడు కాకపోయినా బాగుండేది, తప్పు అతని మీదకు నెట్టేసేదాన్ని. అతను మంచివాడే. ఆటో కూడా అవసరమే. ఎటు తిప్పినా తప్పు నా దగ్గరికే వచ్చి ఆగేది.

ఆ తర్వాత నెల పాటు ఆ సందు వైపు వెళ్లలేదు. దసరా వెళ్లాక ఇక ఉండబట్టలేక వెళ్లాను. సుగుణ వరండాలో బ్లౌజుకు హుక్కులు కుడుతోంది. గోడ పక్కన కొత్త ఆటో, అద్దానికి ఎండిన బంతిపూల దండ. సత్తెమ్మ ఇంట్లో లేదు. పీట మీద కూర్చుని, తల ఎత్తకుండా చెప్పేశాను.

"సుగుణా, ఆ మాట మీ అత్తగారికి చెప్పింది నేనే."

"నాకెరుకే అక్కా. మీ ఇంటికెళ్లి వచ్చిన్నాడే చెప్పింది మా అత్త."

అంటే సంతకానికి వచ్చిన రోజున ఆమెకు అంతా తెలుసు. తెలిసే నా కాఫీ తాగింది.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితె లేదంటవ్. అబద్ధమాడిన మనిషికి మల్ల పైసలెట్ల ఇయ్యాలె? నువ్వే వచ్చి చెప్తవేమో చూద్దామనుకున్న. జర ఆలస్యమే చేసినవ్."

హుక్కు దారం పంటితో తెంపి నా వంక చూసింది.

"నాకొక్కటి సమజ్ కాలే అక్కా. నా మీద నీకు గంత కడుపుమంట ఎందుకు? నీకు ఏం తక్కువ?"

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నిజంగానే అడిగింది. చీరల సంగతి చెప్పాను, నూట పదహారూ చెప్పాను. గాజులు తాకట్టులో ఉన్నాయని చెప్పాను. "నిన్ను చూస్తే నేను చేయలేనిది కళ్ల ముందు కనిపిస్తుంది సుగుణా, ఓర్చుకోలేకపోయాను" అన్నాను. ఆమె సూదిలోకి మళ్లీ దారం ఎక్కించుకుంది.

"నీకు ఎన్ని ఆర్‌డీలున్నయ్?"

"ఒక్కటీ లేదు."

సూది చేతిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఊరందరితోటి కట్టిపిస్తవ్! నీకే లేదా!"

నవ్వు ఆగాక ఆమె ఒక షరతు పెట్టింది. కొత్త ఆర్‌డీ మళ్లీ నా దగ్గరే మొదలుపెడుతుంది. ఆటో కిస్తీ పోను నెలకు వెయ్యే వీలవుతుంది. నేను కూడా అదే నెల, అంతే మొత్తానికి, నా పేరు మీద ఒకటి తెరవాలి. లేకపోతే వేరే ఏజెంటు దగ్గరికి పోతుంది. పాస్‌బుక్కు ఈసారి నా బీరువాలో ఉండదు. వాళ్లింట్లో, నర్సింహకు కనిపించేలా ఉంటుంది.

"దాచవా?" అన్నాను.

"దాస్తె ఏమయిందో చూసినం గద. ఆయనకు చూపెట్టిన. గిది దుకాణం పైసలు, ముట్టుడు లేదని చెప్పిన. సరే అన్నడు."

నవంబరు లాట్‌లో మొదటిసారి నా పేరు నేనే రాసుకున్నాను, సుగుణ పేరు కింద. మొదటి మూడు నెలలు బాగానే గడిచాయి. తర్వాతి నెల నుంచి నాది ముందే విడిగా కట్టి వెళ్లేదాన్ని, వెళ్లగానే సుగుణ "ముందు నీది చూపెట్టు" అనేది. నా పాస్‌బుక్కులో పోస్టాఫీసు ముద్ర చూశాక సొరుగు తెరిచి తన వెయ్యి ఇచ్చేది.

నాలుగో నెలలో దిల్‌సుఖ్‌నగర్‌లో సేల్ పెట్టారు. ముదురు ఆకుపచ్చ చీర, చిన్న జరీ అంచు. ఇంకేం చెప్పను. అయిదో తారీఖున సుగుణ దగ్గరికి వెళ్లి, అడగకముందే "నాది రేపు కడతాలే, నీది ఇవ్వు, లాట్ కట్టాలి" అన్నాను.

"అయితె నాది గూడ రేపే."

"పిచ్చిదానా, నాకోసం నువ్వు ఆగడమేంటి? పదిహేను దాటితే నీకు జరిమానా పడుతుంది."

"పడనీ."

సొరుగు మూసేసి మెషీను తొక్కడం మొదలుపెట్టింది. ఆ వెయ్యి ఆమె ఎలా కూడబెట్టిందో నాకు తెలుసు. దాన్ని ఆమె నా కోసం ఆపి పెట్టింది. ఒకసారి నా మూలంగా దుకాణం పోగొట్టుకున్న మనిషి, మళ్లీ తన డబ్బునే నా ముందు పణంగా పెట్టింది. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఇంత మనసు ఈమెకు ఎక్కడిదని మళ్లీ అసూయ కూడా వేసింది.

చీర వాపసు తీసుకోమని కొట్టుకెళ్లాను. మార్చి ఇస్తారట, డబ్బు ఇవ్వరట. పక్కింటావిడకు మూడు వందలు తక్కువకు అమ్మాను. అమ్మేటప్పుడు ఆమె అద్దం ముందు భుజం మీద వేసుకుని మురిసిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆ డబ్బు తీసుకుని తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి కట్టాను. అంతవరకు ఏ చీర డబ్బూ నా చేతికి తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఒక్క నెల తప్పలేదు. కమిషను పడిన రోజే నా వెయ్యి తీసి పక్కన పెట్టేస్తున్నాను, కొట్ల వైపు వెళ్లకముందే. ఇతరులకు పదిహేడేళ్లు చెప్పిన మాట అదే. చెప్పడం వేరు, ఒక మనిషి మన పుస్తకం చూసి గానీ తన సొరుగు తెరవనప్పుడు చేయడం వేరు. కస్టమర్ల పాస్‌బుక్కులు ఇప్పుడు నా బీరువాలో ఒక్కటీ లేవు, ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. నా నోటిని నమ్మి వాళ్లు డబ్బు దాచుకోవడం నాకు భయమనిపించింది. కొందరు నొచ్చుకున్నారు, ఇద్దరు వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లారు. వెళ్లనిచ్చాను.

సుగుణ ఆర్‌డీ, నాది ఒకే రోజున పూర్తవుతాయి. ఆమె ఈసారి ఇప్పటి నుంచే పెద్ద అంబర్‌పేట వైపు షట్టర్లు చూస్తోంది, నర్సింహే ఆటోలో తిప్పి చూపిస్తున్నాడు. మొన్న వెళ్లినప్పుడు ఒక గది గురించి చెప్పింది. రోడ్డు మీదే ఉందట, ముందు బండ్లు ఆపుకోవడానికి చోటు కూడా ఉందట. వింటుంటే నాకు మళ్లీ మండింది. అబద్ధమెందుకు చెప్పాలి. నా పాస్‌బుక్కు తీసి ఆమె చేతికిచ్చి, "బాగుంది సుగుణా, పోనివ్వకు" అన్నాను. ఈసారి అనగలిగాను.